వీధి చివరి గని

"పాత ఇనుప సామాన్లు కొంటాం! ఇత్తడి, రాగి, సత్తు సామాన్లు కొంటాం!" ఈ కేక వినబడని వీధి మన ఊళ్ళలో లేదు. ఒకప్పుడు తోపుడుబండివాడు విరిగిన గొడ్డలికి ఇన్ని ఉల్లిపాయలు, చిల్లుపడిన బొక్కెనకు ఇంత పీచుమిఠాయి ఇచ్చి పోయెడివాడు. ఇప్పుడు వాని గొంతుకు బదులు మైకు పలుకుచున్నది. ఉల్లిపాయలకు బదులు రూపాయలు చేతికి వచ్చుచున్నవి. బండి మాత్రము నాడును నేడును ఒకే చోటికి చేరుచున్నది. ఊరి చివర రేకుల పాక, పాక ముందు ఒక కాటా, కాటా ప్రక్కన ఒక సుత్తి, వెనుక గుట్టవలె పోగుపడిన పాత సామాను. అదియే తుక్కు కొట్టు.

మనలో పలువురు ఆ కొట్టు ముందునుండి పోవునపుడు ముఖము త్రిప్పుకొందురు. కాని పదార్థ విజ్ఞానము చదివినవారు అచ్చట ఒక్క నిమిషము నిలబడి చూడదగినది చాల ఉన్నది. ఆ గుట్ట ఒక గని. భూమిలోని గనిలో లోహము రాతితోను మట్టితోను కలిసి ఉండును. ఈ గనిలోని లోహము ఒకసారి శుద్ధియై, మనిషికి సేవచేసి, రెండవ సేవకు సిద్ధముగా ఉన్నది. అయితే ఈ గని విలువ అంతయు ఒకే విషయముపై ఆధారపడి ఉన్నది. ఏ లోహమును ఆ లోహముగా వేరుచేసితిమా, లేదా? ఈ వ్యాసములో చెప్పదలచినది ఇదియే.

మా విభాగములో జరిగిన ముచ్చట

2021లో మా కళాశాల భౌతికశాస్త్ర విభాగములో పాత సామానును వదిలించుకొనవలసి వచ్చెను. కాలిపోయిన మోటారులు మూడు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, విరిగిన స్టాండులు, పనికిరాని టాంజెంటు గాల్వనామీటర్లు, బున్సెన్ బర్నర్లు, తీగచుట్టలు, ఇంకను పేరు తెలియని పెట్టెలు నాలుగైదు ఉండెను. స్టాకు రిజిస్టరులో కొట్టివేతకు అనుమతి వచ్చిన వెంటనే, సెలవులకు ముందు గది ఖాళీ కావలెనను తొందరలో, అంతయు ఒకే పోగుచేసి ఒకే ధరకు అమ్మివేసితిమి. ఆ ధర ఇనుము ధర.

మరునాడు పనిమీద ఆ దారిన పోవుచు కొట్టు ముందు ఆగితిని. కొట్టు యజమాని మా మోటారును నేలపై పెట్టి, సుత్తితో ఉలితో దానిని విప్పుచుండెను. ఇనుప తొడుగు ఒక ప్రక్కకు, రాగి తీగ మరొక ప్రక్కకు పోవుచుండెను. మా గాల్వనామీటర్లు అప్పటికే ఇత్తడి గోతములో చేరినవి. టాంజెంటు గాల్వనామీటరు చట్రమున ఇనుము ఉండరాదని, ఉన్నచో దాని సూది తప్పుచూపునని పిల్లలకు ప్రతి సంవత్సరము పాఠము చెప్పు నేనే, దానిని ఇనుము క్రింద తూకమువేయించితిని! నా ముఖము చూచి ఆయన నవ్వి, "మాష్టారూ, మీరు ఏరి తెస్తే ఏ సరుకు ధర ఆ సరుకుకే ఇస్తాను. కలిపి తెస్తే ఏరే కష్టం నాది, అందులో మిగిలేదీ నాదే" అనెను.

ఆ మాటలో తప్పేమియు లేదు. రాగి ధర ఇనుము ధరకు పదిరెట్లకు మించి ఉండును. ఇత్తడి రాగికి కొంత తక్కువ. అల్యూమినియము ఆ రెంటికిని తక్కువయైనను ఇనుముకంటె చాల ఎక్కువ. మేము పోగొట్టుకొన్న సొమ్ము మా అజ్ఞానమునకు చెల్లించిన రుసుము. కాని ఆనాడు మేము చేసిన తప్పు సొమ్ముకు సంబంధించినది మాత్రమే కాదని నాకు తరువాత తోచినది. దానిని వ్యాసము చివర చెప్పెదను.

లోహమునకు ముసలితనము లేదు

కాగితమును మరల మరల ఉడికించి కాగితముగా చేయవచ్చును గాని, ప్రతిసారి దానిలోని నారపోగులు కురచయగును. కొన్ని పర్యాయముల తరువాత అది అట్టకు తప్ప పనికిరాదు. లోహము సంగతి వేరు. రాగి మూలకము. దాని పరమాణువులను కరిగించినను, సాగదీసినను, తీగగా చుట్టినను అవి రాగి పరమాణువులే. తాతగారి కాలపు బిందెలోని రాగికిని, నేటి మోటారులోని రాగికిని ఏ పరీక్షయు భేదము చూపజాలదు. కరిగించి శుద్ధిచేసినచో అది మరల క్రొత్త రాగియే.

మరి లోహము నష్టమగుట యెట్లు? రెండు విధములుగా. మొదటిది తుప్పు. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తోను, తేమతోను కలిసి తుప్పగును. లెక్క చూడుడు: ఇనుప ఆక్సైడులో 112 గ్రాముల ఇనుమునకు 48 గ్రాముల ఆక్సిజన్ చేరును. అనగా ఒక కిలో ఇనుము పూర్తిగా ఆక్సైడు అయినచో దాని బరువు సుమారు 1.43 కిలోలగును. "అట్లయిన తుప్పుపట్టిన తరువాతనే అమ్మిన లాభము గదా?" అని ఒక చురుకైన విద్యార్థి నన్ను అడిగెను. కొట్టువాడు అంతకంటె చురుకైనవాడు! తుప్పు రేకలుగా రాలి మట్టిలో కలియును. మిగిలినది కొలిమిలో పడినచో చాలవరకు చిట్టెముగా పైకి తేలిపోవును. కావున తుప్పుపట్టిన రేకుకు ఆయన ధర తగ్గించును. పెరటిలో వానకు తడియుచున్న పాత ఇనుము ఏటేట తన ఖనిజరూపమునకు తిరిగిపోవుచున్నదన్నమాట. దానిని ఆలస్యము చేయక అమ్ముట మంచిది.

రెండవ నష్టము లోహములు ఒకదానిలో ఒకటి కలిసిపోవుట. ఇది మొదటిదానికంటె చిక్కైనది. దానికి ముందు, పాత లోహము వలన మనకు ఎంత ఆదాయగునో చూతము.

సత్తు గిన్నె చెప్పు లెక్క

మన ఇండ్లలో సత్తు గిన్నె అనబడునది అల్యూమినియపు గిన్నె. ఈ లోహము బాక్సైటు అను ఖనిజమునుండి వచ్చును. ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతమున త్రవ్వు బాక్సైటునుండి దామన్‌జోడిలో అల్యూమినా తయారగుచున్నది. దానిలో కొంత మన విశాఖపట్నపు రేవునుండి ఓడకెక్కుచున్నది. అల్యూమినానుండి లోహమును విడదీయు పద్ధతిని 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరౌల్ట్ ఒకరినొకరు ఎరుగకయే కనిపెట్టిరి. అది విద్యుద్విశ్లేషణ. అల్యూమినియము ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొని ఉండును. ఆ పట్టు విడిపించుటకు కిలో ఒక్కింటికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు కావలెను.

ఇప్పుడు పాత గిన్నెను కరిగించు లెక్క చేయుదము. అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును. దాని విశిష్టోష్ణము కిలోకు, డిగ్రీకి 0.9 కిలోజౌలు. 30 డిగ్రీలనుండి 660 డిగ్రీల వరకు వేడిచేయుటకు 630ని 0.9తో గుణింపగా 567 కిలోజౌలు. కరగుటకు కావలసిన గుప్తోష్ణము మరి 397 కిలోజౌలు. మొత్తము 964 కిలోజౌలు. ఒక యూనిట్ విద్యుత్తు 3,600 కిలోజౌలకు సమానము. కావున కిలో గిన్నె కరగుటకు కావలసినది 0.27 యూనిట్లు మాత్రమే!

ఇది పుస్తకపు లెక్క. నిజమైన కొలిమిలో కొంత వేడి గోడలగుండా, పొగగొట్టముగుండా పోవును. తుక్కును సేకరించి శుభ్రపరచుటకును ఖర్చు కలదు. అన్నియు కలుపుకొన్నను, ఖనిజమునుండి చేయుటకు పట్టు శక్తిలో సుమారు నూటికి ఐదు వంతులతో పాత అల్యూమినియము క్రొత్తదగును. మిగిలిన తొంబదియైదు వంతులు ఆ చొట్టపడిన గిన్నెలో నిలువయున్నవని భావింపవచ్చును. మన దేశమున విద్యుత్తు అధికభాగము బొగ్గునుండి వచ్చుచున్నది గనుక, గిన్నెను చెత్తకుప్పలో పారవేసినవాడు బొగ్గును కూడ పారవేసినవాడే.

ఇనుముకు కూడ ఇట్టి లెక్క కలదు. భారత ప్రభుత్వము 2019లో ఉక్కు తుక్కును గూర్చి ఒక విధానమును ప్రకటించెను. ఒక టన్ను తుక్కును వాడినచో 1.1 టన్నుల ఇనుప ఖనిజము, 630 కిలోల కోకింగు బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదాయగునని దానిలో చెప్పబడినది. ఖనిజమునుండి ఇనుము తీయు కర్మాగారమునకు కూడ తుక్కు అవసరమే. విశాఖపట్నము ఉక్కు కర్మాగారములో మొదటి బ్లాస్టు ఫర్నేసు 1990లో పనిచేయ మొదలిడెను. అట్టి కర్మాగారములలో కరగిన ఇనుమును కన్వర్టరులో పోసి ఆక్సిజన్ ఊదుదురు. అందలి కర్బనము, సిలికాన్ మండి వేడి మితిమీరును. ఆ వేడిని అదుపులో ఉంచుటకు పాత ఉక్కు ముక్కలను అందులో వేయుదురు. మితిమీరిన వేడి తుక్కును కరిగించును. తుక్కు వేడిని చల్లార్చును.

చిన్న కర్మాగారములలో వేరు పద్ధతి. మూస చుట్టును రాగి చుట్ట ఉండును. దానిలో ఎడతెగక దిశ మారు విద్యుత్తును పంపగా, 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రమువలన మూసలోని తుక్కులోనే విద్యుత్ప్రవాహములు పుట్టి, అది తనంతట తాను వేడెక్కి కరుగును. ఇదియే ఇండక్షన్ కొలిమి. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటి కప్పులకు వాడు ఊచలు కొన్ని ఇట్టి కొలిమిలో పుట్టినవే. అయితే ఈ కొలిమికి ఒక లోపము కలదు. ఇది కరిగించును గాని, మలినములను అంతగా తొలగింపజాలదు. ఏది వేసితిమో దాదాపు అదియే బయటకు వచ్చును.

పులుసులో ఉప్పు

ఇక రెండవ నష్టము సంగతి. మోటారును విప్పకుండ, తీగతో సహా ఉక్కు కొలిమిలో వేసితిమనుకొనుడు. రాగి కరిగి ఉక్కులో కలిసిపోవును. దానిని తీసివేయుట యెట్లు?

ఉక్కును శుద్ధిచేయుట అనగా సామాన్యముగా మలినమును ఆక్సిజన్‌తో మండించి చిట్టెముగా తేల్చుట. సిలికాన్, మాంగనీసు, కర్బనము ఇనుముకంటె ముందుగా ఆక్సిజన్‌తో కలియును గనుక అవి తొలగిపోవును. రాగి అట్లు కాదు. ఇనుమునకు ఉన్నంత ఆక్సిజన్ దాహము రాగికి లేదు. ఎంత ఆక్సిజన్ ఊదినను ముందు ఇనుము మండునే గాని రాగి మండదు. తగరము సంగతియు ఇంతే. పులుసులో ఉప్పు ఎక్కువైనచో ఇంటి ఇల్లాలు ఏమి చేయును? ఉప్పును తీయలేక, మరికొంత నీరు, చింతపండు పోసి పలుచన చేయును. ఉక్కు కర్మాగారమువారు చేయునదియు అదియే. మేలైన ఇనుమును మరికొంత కలిపి రాగిపాలు తగ్గింతురు.

తగ్గింపనిచో ఏమగును? ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మను మరలమధ్య నొక్కి ఊచగా సాగదీయునపుడు, పైపొరలోని ఇనుము గాలికి ఆక్సైడై రాలిపోవును. రాగి రాలక అచ్చటనే పోగుపడును. రాగి 1085 డిగ్రీల వద్దనే కరుగును. ఉక్కును సాగదీయు వేడి అంతకుమించి యుండుట కలదు. కరిగిన రాగి ఉక్కు కణికల సందులలోనికి దిగి వాటి పట్టును సడలించును. ఉక్కు పైన నెర్రెలు విచ్చును. ఇంటి స్తంభములోని ఊచ మంచిదగుటకును, మన పెరటిలోని కాలిన మోటారును విప్పి అమ్ముటకును సంబంధము ఇది. ఇంటివద్ద ఐదు నిమిషముల ఏరివేతతో పోవు దోషమును, ఒకసారి కరిగిన పిమ్మట ఏ కొలిమియు సులభముగా పోగొట్టజాలదు.

మన గ్రామములలోని కమ్మరికి ఈ సంగతి పూర్వమునుండియు తెలియును. కొడవలి చేయుమన్నచో ఆయన ఏ ఇనుప ముక్కనో తీసికొనడు. లారీ కమాను కట్టను వెదకి తెచ్చుకొనును. అది కర్బనము తగుపాళ్ళలో గల ఉక్కు. కాల్చి నీట ముంచిన పదును నిలుపును. గాటు పెట్టి, ఆకురాయిపై రవ్వలు చూచి, మ్రోగించి విని ఆయన ఎన్నిక చేయును.

గుర్తించు విధము

లోహములను ఏరుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. బడిలోనున్న సామానుతోనే విద్యార్థులు చేయవచ్చును.

మొదటి పరీక్ష అయస్కాంతము. అంటుకొనినచో అది ఇనుము లేక ఉక్కు. పైన ఇత్తడి రంగున్నను అయస్కాంతము పట్టినచో లోపల ఇనుమున్నదని అర్థము. పూత చూచి మోసపోరాదు. దీనికి ఒక మినహాయింపు వంటింటిలోనే కలదు. నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు గల స్టెయిన్‌లెస్ స్టీలు ఇనుపజాతిదే యైనను, దానిలోని పరమాణువుల అమరిక వేరగుటచే అయస్కాంతమునకు సామాన్యముగా అంటదు. నికెలు లేని స్టీలు అంటును. నికెలు ఖరీదైనది గనుక అంటని స్టీలుకు కొట్టులో ధర ఎక్కువ. కావున స్టీలు గిన్నెలను ఇనుములో కలుపక వేరుగా ఉంచవలెను.

రెండవది ఆకురాయి పరీక్ష. వస్తువు మూలలో ఎవరికిని కనబడని చోట ఆకురాయితో ఒక్క గీత గీయుడు. ఎరుపైనచో రాగి, పసుపైనచో ఇత్తడి, తెలుపైనచో అల్యూమినియము, సీసము, తుత్తునాగము వంటివానిలో ఒకటి. మెరుగుపూత గల కొళాయి వెండివలె తళతళలాడును గాని, గీత గీసినచో లోపలి పసుపు బయటపడును. సీసము గోటితోనే గీతపడును. పోత ఇనుము, అనగా బీడు, సుత్తి దెబ్బకు వంగక పెటుకున విరుగును. విరిగినచోట బూడిదరంగు గరుకుగా కనబడును.

మూడవది సాంద్రత. దీనిని మించిన పాఠము తరగతిలో దొరకదు. ఒక పాత కొళాయిని దారముతో స్ప్రింగు త్రాసుకు వ్రేలాడదీయుడు. అది గాలిలో 420 గ్రాములు తూగినదనుకొందము. ఇప్పుడు దానిని బకెట్ నీటిలో పూర్తిగా మునుగునట్లు, అడుగునకు తగులకుండ, లోపల గాలి నిలువకుండ దింపుడు. త్రాసు 370 గ్రాములు చూపినది. నష్టమైన 50 గ్రాములు అది తొలగించిన నీటి బరువు. కావున దాని ఘనపరిమాణము 50 ఘన సెంటీమీటర్లు. 420ని 50చే భాగింప 8.4 వచ్చును. ఇత్తడి సాంద్రత ఈ అంకెకు దగ్గరనే ఉండును. ఇనుమునకు 7.87, రాగికి 8.96, సీసమునకు 11.34, తుత్తునాగమునకు 7.14, అల్యూమినియమునకు 2.70. చూపునకు ఒకే తీరుగానున్న రెండు కొళాయిలలో ఒకటి ఇత్తడి, రెండవది తుత్తునాగపు పోత అని ఆర్కిమెడీసు మనకు ఇట్లు చెప్పును. రబ్బరు, ప్లాస్టిక్ భాగములను ముందుగా తీసివేయుట మరువరాదు. అవి ఉన్నచో లెక్క తప్పును.

కొట్టుకు పోవునపుడు

ఏరిన లోహములను వేరువేరు గోతములలో కట్టి, ఇంటివద్దనే ఒకసారి తూచి, బరువు వ్రాసికొని పొండు. కొట్టులో ముందుగా ఒక్కొక్క సరుకు ధర అడిగి, పిదప కాటాపై పెట్టుడు. ప్రతి కాటాకును తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండవలెను. చూపుమని అడుగుట తప్పుకాదు. అనుమానమైనచో ఇంటివద్ద సరిగా తూచి తెచ్చిన కిలో పొట్లమును దానిపై పెట్టి చూడవచ్చును.

విద్యుత్తీగలమీది ప్లాస్టిక్‌ను తగులబెట్టి రాగి తీయుట పలుచోట్ల కనబడు అలవాటు. అది చాల హానికరము. ఆ ప్లాస్టిక్ సామాన్యముగా పి.వి.సి.; దానిలో క్లోరిన్ ఉన్నది. మండినపుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరియు, డయాక్సిన్లు అను విషములును పుట్టును. పైగా రాగి కాలి నల్లబడి ధరయు తగ్గును. కత్తితో ఒలిచిన తీగ ఆరోగ్యమునకును మంచిది, ధరకును మంచిది.

కొట్టుకు పంపరానివి కొన్ని కలవు. పాత మోటారు వాహనమును ఊరక విరిచి అమ్మినచో దాని రిజిస్ట్రేషను మన పేరనే నిలిచిపోవును. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు ఇచ్చి ధ్రువపత్రము తీసికొనవలెను. రైలుమార్గపు మేకులు, పట్టాల ముక్కలు ఎక్కడ దొరికినను తేరాదు. రైల్వే ఆస్తిని అక్రమముగా ఉంచుకొనుట 1966 నాటి చట్టము ప్రకారము నేరము. మూతబిగిసిన గ్యాసు సిలిండర్లు, డబ్బాలు కొలిమిలో ప్రేలును. సీసపు బ్యాటరీలను పాత సామానులో కలుపక, క్రొత్తది కొన్నపుడు అమ్మినవారికే తిరిగి ఇయ్యవలెను. వాటిని మరల సేకరించు బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారులపై ఉంచినవి. పెరటిలో బ్యాటరీ పగులగొట్టి సీసము కరిగించినచో ఆ ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. అది ఒకసారి నేలలో చేరిన పిమ్మట ఏండ్ల తరబడి పోదు.

పేరు తెలియని పెట్టె

ఇప్పుడు మా రెండవ తప్పును చెప్పెదను. మా పోగులో పేరు తెలియని పెట్టెలు నాలుగైదు ఉండెనంటిని గదా! అవి ఏమిటో చూడకయే అమ్మివేసితిమి.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో పనిచేయువారు కొందరు జబ్బుపడిరి. చర్మము నల్లబడెను, జుట్టు రాలెను. పరీక్షింపగా ఆ కొట్లలో కోబాల్టు-60 అను రేడియోధార్మిక పదార్థము బయటపడెను. అది ఒక విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగమునుండి వచ్చినది. సుమారు నలుబదియేండ్ల నాటి గామా కిరణ యంత్రము, చాలకాలముగా వాడుకలో లేనిది, ఆ సంవత్సరము ఫిబ్రవరిలో పాత సామాను క్రింద వేలములో అమ్ముడుపోయెను. కొట్టువారు దానిని విప్పిరి. కిరణములను ఆపుటకు పెట్టిన కవచము వారికి లోహముగా మాత్రమే తోచెను. ఒకరు మరణించిరి, మరి కొందరు ఆసుపత్రి పాలైరి.

కోబాల్టు-60 అర్ధజీవితము 5.27 సంవత్సరములు. నలుబదియేండ్లలో అట్టివి ఏడుకు పైగా గడచును. ఏడు పర్యాయములు సగమగుట అనగా 128లో ఒక వంతు మిగులుట. "పాతబడినది, ఇంకేమి హాని?" అని మనము అనుకొందుము. ఆ 128లో ఒక వంతుకు లోబడిన మిగులే ఒక ప్రాణమును తీసినది. దానిని అమ్మినవారు చదువురానివారు కారు. మనవంటివారే. గది ఖాళీచేయు తొందరలో ఉన్నవారే.

మా పెట్టెలలో అటువంటిదేదియు లేకపోవుట మా అదృష్టమే గాని మా జాగ్రత్త కాదు. ఆనాటినుండి మా విభాగములో ఒక నియమము పెట్టుకొంటిమి. పేరు వ్రాయని వస్తువు ఏదియు గది దాటి పోరాదు. ఉపాధ్యాయులందరికి నా మనవి ఇది: మీ ప్రయోగశాలలోని పాత సామానును అమ్ముటకు ముందు ఒక్కొక్కటిగా చేతిలోనికి తీసికొని అది ఏమిటో రిజిస్టరుతో సరిచూడుడు. పాదరసమున్న ఉష్ణమాపకములు, భారమితులు, ట్యూబులైట్లు వేరు చేయుడు. పసుపు నేలపై మూడురెక్కల గుర్తు గల వస్తువుగాని, కారణము తెలియకుండ అతిబరువుగా ఉన్న మూతబిగిసిన పెట్టెగాని కనబడినచో, దానిని విప్పక, దూరముగా ఉండి, అధికారులకు తెలుపుడు. విద్యార్థులకు ఆ గుర్తును నల్లబల్లపై వ్రాసి చూపుడు. వారు తమ ఇండ్లలో చెప్పుదురు.

తుక్కు కొట్టులో కూర్చొని సుత్తితో మోటారును విప్పువాడు మన కొరకు పెద్ద పని చేయుచున్నాడు. ఖనిజమును, బొగ్గును, విద్యుత్తును అతడు దేశమునకు మిగుల్చుచున్నాడు. అతని చేతికి తొడుగు లేదు, కంటికి అద్దము లేదు. మనము పంపు గోతములో ఏమున్నదో అతనికి తెలియదు; మనకైనను తెలిసి ఉండవలెను. ఏరి, పేరు చెప్పి ఇచ్చినచో మనకు ధర వచ్చును, కొలిమికి మంచి సరుకు వచ్చును, అతడు సాయంత్రము క్షేమముగా ఇల్లు చేరును.

ఈ నెలలో ఒకనాడు మీ తరగతి పిల్లలను ఇంటినుండి తలా ఒక పాత లోహపు వస్తువును తెమ్మనుడు. ఒక అయస్కాంతము, ఒక ఆకురాయి, ఒక స్ప్రింగు త్రాసు, ఒక బకెట్ నీరు బల్లపై పెట్టుడు. గంట ముగియులోపల ఆ పోగు ఐదారు పోగులగును. పిమ్మట వాటిని కొట్టుకు తీసికొనిపొండు. వచ్చిన సొమ్ముతో ప్రయోగశాలకు మరొక త్రాసు కొనవచ్చును.